కొండ బాగుంటేనే చేను బాగుంటుంది: చెన్నేకొత్తపల్లి టింబక్టులో ప్రకృతి రైతు చూడాల్సినవి



జీవామృతం అందరం కలుపుతున్నాం. ఎకరాకు 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల నాటు ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి. చివర్లో గుప్పెడు మట్టి. ఆ మట్టి మందు పడని గట్టుదో, అడవిదో, పెద్ద చెట్టు నీడదో అయ్యుండాలని శిక్షణలో చెప్తారు. మరి మీ ఊర్లో ఆ గుప్పెడు మట్టి కోసం ఎక్కడికి పోతారు? గట్టు దాకా దున్నేసిన చేను, పక్కాయన కొట్టిన గడ్డిమందు, బోడిగా ఉన్న గుట్ట. ఇవి తప్ప ఇంకేమీ లేని ఊర్లు మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం దిక్కున బోలెడున్నాయి.

మట్టి ఒక్కటే అనుకోవద్దు. దశపర్ణి కషాయానికి వేప, కానుగ, సీతాఫలం, ఉమ్మెత్త, జిల్లేడు, వావిలి ఆకులు కావాలి. ఆచ్ఛాదనకు ఆకులు, గడ్డి కావాలి. పేడ కావాలంటే పశువు ఉండాలి, పశువు బతకాలంటే మేత బీడు ఉండాలి. మన సేద్యానికి కావాల్సినవాటిలో సగం చేను గట్టుకు బయటి నుంచే వస్తాయి. గట్టు బయట ఏమీ లేకపోతే ప్రకృతి వ్యవసాయం కూడా కొనుక్కొచ్చే వ్యవసాయమే అయిపోతుంది. అంగట్లో ఘనజీవామృతం బస్తా, అంగట్లో కషాయం డబ్బా, అంగట్లో గడ్డి మోపు.

అందుకే ఈసారి వీడియో టింబక్టు కలెక్టివ్ మీద చేశాం. వీడియోలో చెప్పడానికి టైం చాలని సంగతులు ఇక్కడ రాస్తున్నా. చూసి మెచ్చుకోవడం కంటే, మన ఊరికి ఏం పట్టుకుపోవచ్చు అన్నదే ముఖ్యం.

ఎక్కడుంది, ఎట్లా మొదలైంది?

పెనుకొండ నుంచి 44వ నంబరు హైవే మీద అనంతపురం వైపు వస్తే చెన్నేకొత్తపల్లి వస్తుంది. మనవాళ్ళు సీకే పల్లి అంటారు. హిందూపురం వాళ్ళు పెనుకొండ మీదుగా రావాలి, ధర్మవరం వాళ్ళకు అడ్డ రోడ్డు ఉంది. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇదంతా శ్రీ సత్యసాయి జిల్లా. అంతకుముందు అనంతపురం జిల్లా.

1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వాళ్ళ మిత్రులు కలిసి ఊరి బయట గుట్టల మధ్య 32 ఎకరాల పాడుపడిన మెట్ట భూమి తీసుకుని మొదలుపెట్టారు. బబ్లూ గంగూలీ అంతకుముందు పెనుకొండ కేంద్రంగా కూలీల సంఘాలు కట్టిన యంగ్ ఇండియా ప్రాజెక్టులో పనిచేశారు. అంటే ఈ ప్రాంతపు కరువు, వలస, భూమి గొడవలు చూసినాక వచ్చిన ఆలోచన ఇది. జపాన్ రైతు మసనోబు ఫుకువోకా ప్రభావం వాళ్ళ మీద ఉంది. ఆయన పుస్తకం తెలుగులో ‘గడ్డిపరకతో విప్లవం’ పేరుతో దొరుకుతుంది, మనలో చాలామంది చదివిందే.

ఆ 32 ఎకరాల్లో చేసిన పని వింటే చాలా మామూలుగా ఉంటుంది. నిప్పు పడకుండా చూశారు. పశువులు విచ్చలవిడిగా తిరగకుండా కాపాడారు. వాన నీళ్ళు ఉరకకుండా కట్టలు వేశారు. ముందు గడ్డి వచ్చింది, తర్వాత పొదలు, ఆ తర్వాత చెట్లు. నేల కింద వేర్లు బతికే ఉంటాయి, వాటికి రెండు మూడేళ్ళు ఊపిరి తీసుకునే టైం ఇస్తే చాలన్నది అక్కడ కంటికి కనిపిస్తుంది. ఇప్పుడు అక్కడ బడి ఉంది, శిక్షణలు జరుగుతాయి, బయట నుంచి రైతులు, విద్యార్థులు వచ్చి చూసిపోతారు. పని మాత్రం చెన్నేకొత్తపల్లి, రొద్దం, రామగిరి, పెనుకొండ మండలాల ఊర్లలోకి పాకింది.

పర్యావరణ విద్య అంటే ఏంది?

మనకు ఈ మాట వినగానే జూన్ 5 గుర్తొస్తుంది. బడిలో ర్యాలీ, ఒక మొక్క, ఒక ఫోటో. ఆగస్టుకు ఆ మొక్క ఉండదు.

1977లో అప్పటి సోవియట్ జార్జియాలోని ట్బిలిసీ పట్టణంలో యునెస్కో ఒక పెద్ద సదస్సు పెట్టింది. పర్యావరణ విద్య ఎట్లా ఉండాలి అన్నదే విషయం. బడి పిల్లలకే కాకుండా అన్ని వయసుల వాళ్ళకూ ఉండాలి, స్థానికంగా ఉన్న సమస్యను పరిష్కరించడంలో జనం పాల్గొంటూ నేర్చుకోవాలి అని అక్కడ తేల్చారు. మన దేశంలో సుప్రీంకోర్టు 1991లో ఎం.సి. మెహతా కేసులో పర్యావరణాన్ని పాఠ్యాంశంగా చెప్పాలని ఆదేశించింది. పాఠం పుస్తకంలోకి వచ్చింది. ఊర్లోకి రావడమే మిగిలింది.

ఊర్లోకి రావాలంటే ఏం కావాలి? కడుపుకు సంబంధం ఉండాలి. గొర్రెల కాపరికి గడ్డి, మహిళకు చేతిలో నాలుగు డబ్బులు, రైతుకు పంటకు ధర. ఈ మూడింటికీ ముడి పడని పర్యావరణ పాఠం ఊర్లో నిలబడదు. టింబక్టు చుట్టూ ముప్పై ఏళ్ళకు పైగా పని నిలిచిందంటే ఈ ముడి పడటమే కారణమని నాకు అనిపిస్తుంది. ఒక్కొక్కటి చూద్దాం.

కల్పవల్లి: గుట్టలే తరగతి గది

1990ల మొదట్లో ముష్టికోవెల, ఆ చుట్టుపక్కల ఊర్ల పెద్దలతో కలిసి బోడి గుట్టల మీద పని మొదలైంది. రికార్డుల్లో అవి ప్రభుత్వ బంజరు. ఇప్పుడు 7 వేల ఎకరాలకు పైగా ఉన్న ఆ ప్రాంతాన్ని కల్పవల్లి అంటారు. ఊర్ల వాళ్ళే సహకార సంఘంగా ఏర్పడి కాపాడుతున్నారు.

ఇక్కడ నాటిన మొక్కల కంటే తమంతట తాము వచ్చినవే ఎక్కువ. చేసిన పెద్ద పని నిప్పు ఆపడం. ఎండాకాలం ముందు గడ్డి కోసి, చెక్కి నిప్పు గీతలు వేయడం, కాపలాకు మనుషుల్ని పెట్టడం, గుట్టల మీద విత్తనాలు చల్లడం, వంకల్లో రాతి కట్టలు వేయడం. మన దిక్కున కాపర్లు కొత్త గడ్డి రావాలని ఎండాకాలంలో గుట్టకు అగ్గి పెట్టే అలవాటు పాతది. దాన్ని కేసులతో ఆపలేం. గడ్డి నిలవ ఉంటే ఎండాకాలం కూడా మేత ఉంటుందని కాపరి కళ్ళారా చూస్తే ఆయనే ఆపుతాడు. పర్యావరణ విద్య అంటే నాకు తెలిసి ఇదే.

గుట్టలు పచ్చబడితే ఊర్లకు ఏం వచ్చింది? మేత వచ్చింది, చుట్టూ ఉన్న ఊర్ల గొర్రెలు, మేకలు, పశువులు అక్కడ మేస్తాయి. కొట్టాలు కప్పుకునే బోద గడ్డి వచ్చింది. వంకల పొడుగునా ఈత చెట్లు లేచాయి. ఈత ఆకుతో పొరకలు, చాపలు అల్లి అమ్ముకునే కుటుంబాలు ఉన్నాయి. చిగర, తంగేడు, బందారు, సీతాఫలం, బలుసు లాంటివి తిరిగి వచ్చాయి. తోడేళ్ళు, నక్కలు తిరుగుతున్నాయి.

ఇప్పుడు మనకు పనికొచ్చే లెక్క ఒకటి చెప్తా. ఒక ఎకరా మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే 4,047 లీటర్లు. 25 మిల్లీమీటర్ల వాన, అంటే మనం మంచి పదును అనుకునే వాన, ఎకరాకు లక్ష లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు 20. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. ఎకరాకు 22 లక్షల లీటర్లు పడుతుంది. 7 వేల ఎకరాల గుట్టల మీద పడేది లెక్కేస్తే అర టీఎంసీ పైనే.

ఈ నీళ్ళన్నీ భూమిలోకి పోవు. బోడి గుట్ట అయితే పెద్ద వాన అరగంటలో ఎర్రనీళ్ళై వంకలోకి దూకుతుంది, పోతూ పోతూ మన చేను పైమట్టిని కూడా తీసుకుపోతుంది, చెరువులో పూడిక వేస్తుంది. గడ్డి, పొద, ఆకు చెత్త ఉన్న గుట్ట అయితే నీళ్ళు నెమ్మదిగా దిగుతాయి, వంక వాన వెలిసినాక కూడా కొన్నాళ్ళు పారుతుంది, కింద బావులు, బోర్లు కొంత ఊరుతాయి. మనం చేన్లో వాపస కోసం ఆచ్ఛాదన వేస్తున్నాం కదా, గుట్ట మీద గడ్డి చేసే పని అదే. ఊరి మొత్తానికి ఒకటే ఆచ్ఛాదన అనుకోండి.

ఇంకో లాభం మంద. పాత రోజుల్లో చెనక్కాయ పీకినాక గొర్రెల మందను చేన్లో రాత్రిళ్ళు పడుకోబెట్టేవాళ్ళు, గింజలో డబ్బో ఇచ్చేవాళ్ళు. పేడ, మూత్రం రెండూ నేరుగా చేన్లో పడతాయి, మోసే పని లేదు. గుట్టల మీద మేత లేక మందలు తగ్గిన ఊర్లలో ఇప్పుడు మంద కట్టించాలన్నా దొరకదు. దున్నే రైతుకు, మేపే కాపరికి మధ్య ఉన్న పాత సంబంధం గుట్ట మీదే నిలబడి ఉంది.

చిరుధాన్యాలు, మహిళా సంఘాలు, ధరణి

మన మెట్ట చేన్లలో ఒకప్పుడు కొర్ర, సామ, అరిక, జొన్న, సజ్జ, రాగి, కంది, అలసంద, అనప, ఉలవ అన్నీ కలిపి ఉండేవి. 1960ల తర్వాత చెనక్కాయ వచ్చింది. 1986లో నూనెగింజల మిషన్ మొదలైనాక అది ఇంకా పెరిగింది. డబ్బు పంట అని అందరం దానికే తిరిగాం. వాన సరిగ్గా ఊడ దిగే టైంలో ఎగ్గొడితే పంట మొత్తం ఒకేసారి పోతుంది. ఎకరాకు 50, 60 కిలోల గింజ నేలలో పెట్టాలి కాబట్టి పెట్టుబడి మొదటి రోజే పోతుంది. కొర్రకు ఎకరాకు 2 నుంచి 4 కిలోల విత్తనం చాలు, 80 నుంచి 90 రోజుల్లో చేతికొస్తుంది.

టింబక్టు వాళ్ళు 2000ల మధ్యలో రైతులతో సేంద్రియ సేద్యం, చిరుధాన్యాల పని మొదలుపెట్టారు. 2008లో ధరణి అనే రైతుల సహకార సంఘం ఏర్పడింది. సభ్యుల దగ్గర పంట కొనడం, చెన్నేకొత్తపల్లిలో శుభ్రం చేసి పొట్టు తీయడం, నూనె ఆడించడం, టింబక్టు ఆర్గానిక్ పేరుతో పట్టణాల్లో అమ్మడం దాని పని. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడానికి చాలా ముందే ఈ పని నడుస్తోంది.

నేనూ చిన్నగా చిరుధాన్యాల వ్యాపారం చేస్తా కాబట్టి ఇది ఎంత కష్టమో చెప్పగలను. కొర్రలు పండించడం సులభం. పొట్టు తీయడం దగ్గర అసలు తలనొప్పి. నూరు కిలోల కొర్రలకు అరవై కిలోలకు అటూ ఇటూ బియ్యం వస్తుంది. రాయి, మట్టిబెడ్డ లేకుండా తీయాలి. పొట్టు తీసినాక ఎక్కువ రోజులు నిలవ పెడితే ముక్కిపోయిన వాసన వస్తుంది. మర లేని ఊర్లో రైతు కొర్రలు పండిస్తే దళారి చెప్పిన ధరకు ఇచ్చేయాల్సిందే. అందుకే పది ఊర్ల మధ్య ఒక మంచి మర ఉండటం, అది రైతుల చేతిలోనే ఉండటం పెద్ద సంగతి.

దీనికి ముందే ఒక పునాది ఉంది. 1990ల మొదటి నుంచే మహిళల పొదుపు సంఘాలు మొదలయ్యాయి, మహాశక్తి పేరుతో అవి సహకార సంఘాలుగా పెరిగాయి. 1995లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వీటికి దారి ఇచ్చింది. ఆ చట్టం కింద సంఘం సభ్యుల డబ్బుతో, సభ్యుల నిర్ణయంతో నడుస్తుంది. విత్తనాలకు, మేకకు, పిల్లల ఫీజుకు అప్పు తన సంఘంలోనే దొరికితే ఎరువుల అంగడాయన దగ్గర ఖాతా పెట్టాల్సిన అవసరం ఉండదు. గమనించండి, మందుల అంగట్లో అప్పు ఉన్న రైతు మందు మానలేడు. పంట ఆయనకే పోతుంది, సలహా కూడా ఆయనదే వినాలి. ప్రకృతి సేద్యంలోకి రావాలంటే ముందు ఆ ఖాతా తెగాలి.

పీజీఎస్: ఒకరి చేను ఒకరు చూడటం

మన బ్లాగులో ఎక్కువ మంది అడిగే ప్రశ్న సర్టిఫికెట్ గురించి. బెంగళూరులో కొనేవాళ్ళు మొదట అడిగేది అదే. బయటి ఏజెన్సీతో సర్టిఫికెట్ తీసుకోవాలంటే రెండు మూడెకరాల రైతుకు ఖర్చు భరించలేనిది. టింబక్టు రైతులు పీజీఎస్ దారిలో నడిచారు. ఊర్లో రైతులు సంఘంగా ఉంటారు, ఒకరి చేను ఒకరు తనిఖీ చేస్తారు, పుస్తకం రాస్తారు, తప్పు జరిగితే సంఘమే తేలుస్తుంది.

కేంద్ర ప్రభుత్వం 2011 నుంచి పీజీఎస్-ఇండియా నడుపుతోంది. కనీసం 5 మంది రైతులు ఒక గుంపుగా చేరవచ్చు. మారుతున్న కాలంలో పీజీఎస్ గ్రీన్, పూర్తయినాక పీజీఎస్ ఆర్గానిక్ గుర్తు వస్తుంది. ఏడాది పంటలకు 24 నెలలు, మామిడి, చింత లాంటి చెట్లకు 36 నెలలు పడుతుంది.

దీన్ని కాగితం పని అనుకుంటే సగమే అర్థమైనట్టు. పక్కాయన చేను చూడటానికి పోయినప్పుడు ఆయన వేసిన అంతర పంట చూస్తాం, ఆయన గట్టు మీద కంది ఎట్లా నిలబడిందో చూస్తాం, పురుగు దేనికి తగ్గిందో అడుగుతాం. ఖర్చు లేని శిక్షణ ఇది. శిక్షణ కేంద్రంలో రెండు రోజులు కూర్చుని విన్నదాని కంటే పక్క చేన్లో గంట నిలబడి చూసింది ఎక్కువ గుర్తుంటుంది.

పిల్లలు, బడి

టింబక్టులో బడి మొదటి నుంచీ ఉంది. అక్కడి పిల్లలు గుట్టల మధ్య పెరుగుతారు, చెట్టు, పిట్ట, మట్టి వాళ్ళకు పుస్తకంలో బొమ్మలు కావు. మన ఊర్లలో చాలామంది అనే మాట ఒకటుంది: నేను సేద్యం చేసి చెడిపోయింది చాలు, నా కొడుకన్నా బాగుపడనీ. ఆ మాటలో తప్పు లేదు. పెనుకొండ దగ్గర 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చింది, హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్లే. పిల్లలు పోతారు, పోనివ్వండి. పోయే పిల్లకు కూడా తన ఊరి గుట్ట పేరు, వంక ఎక్కడ పుడుతుందో, కొర్ర చేను ఎట్లుంటుందో తెలిసి ఉండాలి. రేపు బెంగళూరులో కొర్ర బియ్యం కొనేది ఆ పిల్లే. వెనక్కి వచ్చి భూమి చూసుకునేదీ ఆ పిల్లే కావచ్చు.

మీ ఊరి ప్రభుత్వ బడిలో టీచరుతో మాట్లాడి ఏడాదికి నాలుగు సార్లు పిల్లల్ని చేన్లోకి తీసుకురండి. విత్తేటప్పుడు, పూతలో, కోతకు, ఎండాకాలంలో ఖాళీ చేన్లో. ఎండాకాలంలో ఆచ్ఛాదన ఉన్న నేలనూ, లేని నేలనూ చేత్తో తాకి చూడమనండి. ఇంకే పాఠం అక్కర్లేదు.

కేంద్రం లేకపోయినా కాపాడిన ఊరు

హిందూపురం దిక్కు రైతులకు ఇంకో ఉదాహరణ దగ్గర్లోనే ఉంది. చిలమత్తూరు మండలం వీరాపురం. ఏటా ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఇళ్ళ మధ్య ఉన్న చింత చెట్ల మీద గూళ్ళు కడతాయి. రెట్టలు పడతాయి, వాసన వస్తుంది, అయినా ఊరివాళ్ళు వాటిని తోలరు. కొంగలు వస్తే ఊరికి మంచిదని నమ్మకం. అక్కడ ఏ సంస్థా మొదలుపెట్టిన అలవాటు కాదు, తాతల నాటిది.

ఆ కొంగలకు తిండి చుట్టుపక్కల చెరువుల్లో చేపలు. చెరువుల్లో నీళ్ళు లేకపోతే ఊరివాళ్ళు చెట్లను ఎంత కాపాడినా పిల్లలకు తిండి దొరకదు. ఇక్కడా అదే సూత్రం. చెట్టు ఒక ఊర్లో, చెరువు ఇంకో ఊర్లో, వంక పుట్టే గుట్ట మూడో ఊర్లో. ఒక ఊరి నమ్మకం ఆ ఊరి వరకే కాపాడుతుంది, పైది కాపాడాలంటే ఊర్లు కలవాలి.

కష్టాలు కూడా చెప్పుకోవాలి

అంతా పచ్చగా ఉందని చెప్తే మిమ్మల్ని మోసం చేసినట్టే.

మొదటిది, కాగితం. 2010 తర్వాత కల్పవల్లి గుట్టల మీదికి గాలిమరలు వచ్చాయి. వాటికి రోడ్లు వేయడానికి గుట్టలు తవ్వారు. ఊర్లవాళ్ళు ఇరవై ఏళ్ళు కాపాడిన పచ్చదనం రికార్డులో మాత్రం బంజరు గానే ఉంది. సంఘం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళాల్సి వచ్చింది. గాలి కరెంటు కావాల్సిందే, నేను దానికి వ్యతిరేకం కాదు. ఎక్కడ పెట్టాలి, ఎవర్ని అడగాలి అన్నదే ప్రశ్న. మనం కాపాడే గుట్ట కాగితంలో ఏమని ఉందో తెలుసుకోకుండా ముప్పై ఏళ్ళు చెమట పోయడం ప్రమాదం.

రెండోది, అడవి పందులు. అడవి పెరిగితే పందులు రావా అని ప్రతి మీటింగులో అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. చెనక్కాయ చేను వాటికి పెద్ద విందు. రాత్రి కాపలా తప్ప గట్టి పరిష్కారం నాకు కనపడలేదు. గుట్ట అంచు చేన్లలో చెనక్కాయ తగ్గించి ఆముదం లాంటివి అంచు పంటగా వేసేవాళ్ళు ఉన్నారు. నష్టం తగ్గుతుంది, పూర్తిగా పోదు.

మూడోది, కాలం. టింబక్టు పని వెనుక ముప్పై ఏళ్ళకు పైగా ఓపిక, బయటి నుంచి నిధులు, పూర్తి సమయం పనిచేసే మనుషులు ఉన్నారు. మన ఊర్లో అవి ఉండవు. అందుకే మొత్తం కాపీ కొట్టాలని చూడొద్దు. మన స్థాయికి తగ్గది తీసుకుందాం.

మన ఊర్లో ఏం చేయొచ్చు?

1. నవధాన్యాలు: ఏప్రిల్, మే నెలల్లో వానకు ముందే పొడి దుక్కిలో విత్తడం, అదే పీఎండీఎస్. మన రాష్ట్ర ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం 2018 నుంచి దీన్ని చెప్తోంది. పది పదిహేను రకాల విత్తనాలకు బంకమట్టి, ఘనజీవామృతం పూత వేసి ఆరబెట్టి చల్లాలి. చినుకు పడేదాకా విత్తనం ఆగుతుంది. ఇది మన చేను మీద మనం వేసే చిన్న కల్పవల్లి. 365 రోజులు నేల కప్పి ఉండాలన్నదే లక్ష్యం. 2024లో ఈ రాష్ట్ర కార్యక్రమానికి పోర్చుగల్‌లో ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి మరో ఇద్దరితో కలిపి వచ్చింది. ప్రపంచం మనల్ని చూస్తోంది, పక్క ఊరు చూడటమే మిగిలింది.

2. నిప్పు గీత: ఊరి గుట్టలో ఒక వాలు ఎంచుకోండి. పది ఎకరాలైనా చాలు. సంక్రాంతి దాటినాక నలుగురు కలిసి నిప్పు గీత తీయండి. కాపర్లను ముందే పిలిచి మాట్లాడండి. వాళ్ళు లేకుండా నిర్ణయం చేస్తే ఆ గీత నిలబడదు.

3. ఉపాధి హామీ పనులు: ఈ పథకం దేశంలో మొదలైందే మన ఉమ్మడి జిల్లా బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. వాలు మీద కందకాలు, రాతి కట్టలు, చెరువు పూడిక పనులు గ్రామసభలో అడిగి రాయించుకోండి. వచ్చిన పూడిక మట్టి చేన్లకు తోలుకోండి.

4. జీవవైవిధ్య కమిటీ: 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకి ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మీ పంచాయతీలో ఎవరెవరు సభ్యులో అడగండి. మీ గుట్ట మీద చెట్లు, గడ్డి, పిట్టలు, మీ ఊరి పాత విత్తనాలు ఆ రిజిస్టరులో రాయించండి. ఊరి ఉమ్మడి భూములు ఆక్రమణలకు ఇవ్వకూడదని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం మన వైపు కూడా ఉంటుంది, తీసి చూపించాలి.

5. ఐదుగురి గుంపు: ఐదుగురు రైతులు పీజీఎస్ గుంపుగా చేరండి. సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగకుండా ఈ కార్తె నుంచే నెలకొకసారి ఒకరి చేను ఒకరు చూడండి. ఆడవాళ్ళను గుంపులో పేరుకు మాత్రమే పెట్టొద్దు. విత్తనం ఎక్కడ దాచిందీ, ఏ గింజ వండితే బాగుంటుందీ వాళ్ళకే తెలుసు.

చూడటానికి పోయేవాళ్ళకు

ముందుగా మాట్లాడి, అనుమతి తీసుకుని పోండి. అది పనిచేసే చోటు, పిల్లలు ఉండే చోటు. వానలు పడినాక సెప్టెంబరు నుంచి నవంబరు దాకా గుట్టలు బాగుంటాయి. కానీ నా సలహా ఏమిటంటే రెండుసార్లు పోండి. ఒకసారి వానల తర్వాత, ఒకసారి ఏప్రిల్ ఎండలో. ఎండలో పోయినప్పుడే గడ్డి నిలవ ఉన్న గుట్టకూ, మీ ఊరి గుట్టకూ తేడా కనపడుతుంది. ఒక్కరే పోవద్దు. ఒక కాపరిని, ఒక మహిళా సంఘం లీడరును, మీ బడి టీచరును, వీలైతే సర్పంచును వెంట తీసుకుపోండి. రైతు ఒక్కడే చూసొచ్చి చెప్తే ఊర్లో కథ లాగా వింటారు. నలుగురు చూసొస్తే పని మొదలవుతుంది.

మీ ఊర్లో ఊరంతా కలిసి కాపాడే గుట్ట, వంక, చెరువు, చెట్ల తోపు ఉంటే కింద రాయండి. ఊరి పేరు, మండలం, ఎన్నేళ్ళ నుంచి కాపాడుతున్నారు, ఎవరు మొదలుపెట్టారు, ఇది చాలు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం దిక్కు నుంచి వచ్చిన వాటికి మేమే వచ్చి వీడియో తీస్తాం. వచ్చే వారం నవధాన్యాల విత్తనాలకు పూత వేయడం మొదటి నుంచి చివరి దాకా చూపిస్తా. బంకమట్టి ఇప్పుడే జల్లించి పెట్టుకోండి.